ముందు బ్రేకు, తరువాతే బండి

— బి.యస్సీ. (ఎం.పి.సి.) తృతీయ సంవత్సరం విద్యార్థి

ఇంట్లో స్వంతంగా కారు తయారుచేసుకోవాలని సరదాపడే కుర్రవాడు మొట్టమొదట దేన్ని గురించి మాట్లాడతాడు? ఇంజను గురించి! ఎన్ని సి.సి.లు, ఎంత వేగం, మోత ఎలా వుంటుంది అని. ఆ తరువాత బాడీ గురించి, రంగు గురించి. ఆ పైన సీట్లు, దీపాలు, హారను. అన్నీ అయిపోయాక, చేతిలో డబ్బూ ఒంట్లో ఓపికా కూడా అయిపోయాక, చిట్టచివర గుర్తొచ్చేది బ్రేకు. "దాందేముంది, ఎలాగో బిగించేద్దాం" అనుకుంటాడు. అక్కడ మొదలవుతుంది అసలు కథ. బ్రేకు బిగిస్తే చక్రం ఎక్కదు. చక్రం ఎక్కితే తిరగదు. తిరిగితే ఎక్కడో కరకరమని రాసుకుంటుంది.

ఇది అతని దురదృష్టం కాదు, వరస తప్పటం. కదిలే ప్రతి యంత్రానికీ మొదట ఆలోచించవలసింది అది ఎలా ఆగుతుందని. రెండు లోహపు ముక్కల మధ్య మనం వదిలే సందు వుంది చూశారా, అదీ ఒక విడిభాగమే. కాకపోతే ఏ దుకాణంలోనూ దొరకదు, మనమే లెక్క వేసి తయారుచేసుకోవాలి. ఈ మాట స్వంత కార్ల సరదా వున్న నలుగురి కోసమే అయితే సావనీరులో ఇన్ని పేజీలు అడిగేవాణ్ణి కాదు. మా ఊళ్ళల్లో తిరిగే ట్రాక్టరు ట్రక్కులకీ, మన కాలేజీ లాబుల్లో సాగుతున్న చదువుకీ కూడా ఇది వర్తిస్తుందని నా నమ్మకం.

స్వంత కారు అనగానే నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళకోసం కొంచెం చరిత్ర చెప్పాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో చదివిన కోలిన్ చాప్‌మన్ అనే యువకుడు, 1948లో తన స్నేహితురాలి ఇంటి వెనక గారేజీలో పాత ఆస్టిన్ సెవెన్ ఒకదాన్ని విప్పి తన మొదటి కారు తయారుచేశాడు. ప్రపంచమంతా పేరు మోసిన లోటస్ కంపెనీకి బీజం పడింది ఆ గారేజీలోనే. 1957లో ఆయన లోటస్ సెవెన్ అనే చిన్న కారును విడిభాగాల మూటగా కూడా అమ్మటం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో తయారైన కారుకి కొనుగోలు పన్ను వుండేది, విడిభాగాలకి వుండేది కాదు. కనక మధ్యతరగతి కుర్రాళ్ళు మూట కొనుక్కుని ఇంట్లో బిగించుకునేవారు. 1973లో పన్నుల పద్ధతి మారి ఆ లాభం పోయింది గాని సరదా పోలేదు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన 250 పౌండ్లతో స్వంతంగా స్పోర్ట్స్ కారు తయారుచేసుకోవటం ఎలాగో ఒక పుస్తకమే వ్రాశాడు. పాత కార్లలోంచి హబ్బులు, ఇరుసులు, బ్రేకులు తీసి వాడుకొమ్మని అందులో సలహా. ఆ పుస్తకం చూసి ఎంతోమంది కార్లు కట్టారు. మన దేశంలోనూ 2007 నుంచి బాహా పోటీల పేరుతో ఇంజనీరింగు విద్యార్థులు స్వంతంగా బండ్లు తయారుచేసి మధ్యప్రదేశ్‌లోని పీఠంపూర్ తీసుకువెళుతున్నారు. అక్కడ బ్రేకు తొక్కినప్పుడు నాలుగు చక్రాలూ బిగుసుకోవాలి. ఆ పరీక్ష తప్పిన బండిని పరుగుకి రానివ్వరు. ఇంజను ఎంత గొప్పదని అడగరు, ముందు ఆగుతుందా అని అడుగుతారు. ఎంత సబబైన వరస!

ఇక సమస్యకి వద్దాం. పాత అంబాసిడరు కారుకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే వుండేవి. డ్రమ్ము గుండ్రంగా కుండ బోర్లించినట్టు వుంటుంది. షూలు లోపలినుంచి విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి. బయటికి పొడుచుకొచ్చేదేమీ వుండదు కనక చక్రంతో పేచీ తక్కువ. డిస్కు బ్రేకు అలా కాదు. 1902లోనే ఇంగ్లండులో లాంచెస్టర్ దీనికి పేటెంటు తీసుకున్నా, 1953లో లె మాన్ పందెంలో జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో గెలిచాకే లోకం కళ్ళు తెరిచింది. చక్రంతోపాటు ఒక ఇనప పళ్ళెం తిరుగుతూ వుంటుంది. ఆ పళ్ళేన్ని అంచు దగ్గర రెండు వైపులనుంచీ నొక్కిపట్టేదే కాలిపర్. అది పళ్ళెం అంచుమీద పిడికిలిలాగా పొడుచుకుని కూర్చుంటుంది. ఆ పిడికిలి చుట్టూ చక్రం తిరగాలి. పిడికిలికీ చక్రానికీ మధ్య చోటు చాలకపోవటమే స్వంత కారు కట్టేవాళ్ళని ఏడిపించే గొడవ.

ఇక్కడ మనం గమనించవలసింది ఏమిటంటే, ఆ చోటు ఒకటి కాదు, రెండు. కాలిపర్ వీపుకీ రిమ్ము లోపలి గోడకీ మధ్య ఒక సందు. కాలిపర్ బయటి ముఖానికీ, నట్లు బిగించే చక్రపు పళ్ళేనికీ మధ్య రెండో సందు. మొదటిది వ్యాసార్థం దిక్కున, రెండోది ఇరుసు దిక్కున. ఇంటర్మీడియటు లెక్కల్లో ఎక్స్ అక్షం, వై అక్షం అని గీసుకున్నవాళ్ళకి ఇది తెలియని సంగతి కాదు. కాని చేతిలో స్పానరు పట్టుకున్నప్పుడు మాత్రం చాలామంది ఈ రెంటినీ ఒకటిగా కలిపేస్తారు. తప్పంతా అక్కడే వుంది.

ఇందుకు మా ఊళ్ళో జరిగిందే చెబుతాను. మా పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, రెండేళ్ళ క్రితం ఒక చిన్న కారు కట్టటం మొదలుపెట్టాడు. రోడ్డుమీదికి కాదు, మా మామిడితోట గట్లమీద నడుపుకోవటానికి. గొట్టాలతో ఫ్రేము వెల్డింగు చేయించాడు. మారుతి 800 కారు ఒకటి తుక్కు కింద కొని ఇంజను, ముందు హబ్బులు, చక్రాలు తీసుకున్నాడు. అవి 12 అంగుళాల చక్రాలు. ఎవరో స్నేహితుడు "బ్రేకు పెద్దదైతే బండి చప్పున ఆగుతుంది" అన్నాట్ట. దాంతో ఆటోనగరుకి వెళ్ళి పెద్ద కారు డిస్కులు, కాలిపర్లు కొనుక్కొచ్చాడు. బిగించి చక్రం ఎక్కించబోతే ఎక్కలేదు. నేను సెలవులకి వెళ్ళేసరికి వ్యవహారం అక్కడ ఆగి వుంది.

12 అంగుళాలంటే దాదాపు 305 మిల్లీమీటర్లు. అంత చోటుంది కదా అనుకుంటాం. కాని ఆ కొలత టైరు అంచు కూర్చునే చోటుది. టైరు ఎక్కించటానికి వీలుగా రిమ్ము నడుమ పల్లంగా వుంటుంది. ఆ పల్లం లోపలివైపుకి ఉబ్బి, చోటుని తినేస్తుంది. మేం కొలిస్తే అక్కడ లోపలి వ్యాసం 272 మి.మీ. వచ్చింది. అంటే వ్యాసార్థం 136. హబ్బు కేంద్రం నుంచి కొత్త కాలిపర్ వీపు దాకా కొలిస్తే 138. రెండు మిల్లీమీటర్లు ఎక్కువ! రెండు రూపాయి బిళ్ళలు పక్కపక్కన పెట్టినంత మందం కూడా లేదు, కాని ఆరు నెలల పని దాని దగ్గర ఆగిపోయింది.

అక్కడ మూడు సలహాలు వచ్చాయి.

ఒకటి, మా ఊరి ట్రాక్టరు మెకానిక్కు మేస్త్రిగారిది. "సందు లేకపోతే సందు చేద్దాం. గ్రైండరుంది కదయ్యా!" అన్నాడాయన. కాలిపర్ వీపుని అరగదియ్యమని అర్థం. ఇది ఎంత ప్రమాదమో చెప్పాలి. బ్రేకు తొక్కినప్పుడు రెండు ప్యాడ్లూ డిస్కుని నొక్కుతాయి, అంత బలంతోనూ కాలిపర్ విచ్చుకుపోవాలని చూస్తుంది. దాన్ని విచ్చుకోకుండా పట్టి వుంచేది ఆ వీపే. విల్లు నడుముని చెక్కి సన్నం చేసి, మళ్ళీ నారి లాగినట్టే ఇదీ. పైగా ఎక్కడ ఎంత మందం వుందో బయటికి కనపడదు. నూనె దారి ఎక్కడినుంచి పోతుందో తెలియదు. అరగదీసిన మర్నాడు బాగానే పనిచేస్తుంది. వెయ్యిసార్లు తొక్కాక, నిజంగా అవసరమైన వెయ్యిన్నొకటోసారి పగిలితే ఎవరు జవాబుదారీ?

రెండోది స్పేసరు. హబ్బుకీ చక్రానికీ మధ్య ఒక ఇనప బిళ్ళ పెట్టి చక్రాన్ని బయటికి జరపటం. ఎవరినడిగినా ముందు చెప్పే మందు ఇదే. కాని చూడండి, స్పేసరు చక్రాన్ని ఇరుసు దిక్కున జరుపుతుంది. అది రెండో సందుని పెంచుతుంది. మా అన్నయ్య కారుకి చాలనిది మొదటి సందు. అయిదు మిల్లీమీటర్ల స్పేసరు వేసినా కాలిపర్ వీపు రిమ్ము పల్లాన్నే కొట్టుకునేది. కడుపునొప్పికి కాలికి కట్టు కట్టినట్టు! స్పేసరు అక్కరకొచ్చే చోట కూడా రెండు సంగతులు మరవకూడదు. స్టడ్డు 12 మి.మీ. లావుంటే నట్టు కనీసం అంత పొడుగు మరని పట్టుకుని వుండాలి. అయిదు మి.మీ. స్పేసరు ఆ పట్టులోంచి అయిదు మి.మీ. తీసేస్తుంది. ఇంకోటి, చక్రం బయటికి జరిగినకొద్దీ బేరింగుమీద పడే మోపు పెరుగుతుంది. కాడి మెడకి దూరమైతే ఎద్దు ఎంత అవస్థ పడుతుందో రైతుబిడ్డలకి వేరే చెప్పాలా?

మూడోది, 13 అంగుళాల చక్రాలు తెచ్చుకోవటం. ఇది మూడింటిలోకీ మర్యాదైన సలహా. అవే నాలుగు బోల్టుల వృత్తం వున్న చక్రాలు పాత సామాను కొట్టులో దొరికాయి. కాలిపర్ దగ్గర చోటు బాగానే వచ్చింది. కాని ఇంకో చోట చిక్కొచ్చింది. హబ్బు నడుమ ఒక గుండ్రటి బొడిపె వుంటుంది. చక్రం నడిమి రంధ్రం దానిమీద కూర్చోవాలి. కొత్త చక్రాల రంధ్రం మిల్లీమీటరు చిన్నది. నట్లు బిగిస్తే బిగిసినట్టే కనపడింది గాని, చక్రం హబ్బు ముఖానికి ఆనలేదు. ఇది కంటికి తెలియదు. హబ్బు ముఖానికి నూనెలో కలిపిన కుంకుమ పలచగా పూసి, చక్రం బిగించి విప్పి చూశాం. చుట్టూ సమంగా అంటవలసిన కుంకుమ, బొడిపె అంచు దగ్గర మాత్రమే గీతలాగా అంటింది. అంటే చక్రం బరువంతా నాలుగు స్టడ్లమీదా, ఆ సన్నటి అంచుమీదా వుందన్నమాట. ఆ రంధ్రాన్ని లేత్‌మీద కేంద్రం తప్పకుండా పెద్దది చెయ్యొచ్చు. ఆకురాయితో మాత్రం చెయ్యకూడదు. రంధ్రం కేంద్రం తప్పితే చక్రం జీవితాంతం ఊగుతూనే వుంటుంది.

అప్పుడు నేనొక ప్రశ్న వేశాను. అసలు పెద్ద బ్రేకు ఎందుకు?

బి.యస్సీ. చదివిన ఎవరైనా కాగితంమీద వేసుకోగల లెక్క ఇది. మా ఊరి ధాన్యం కాటామీద తూస్తే కారు 520 కిలోలు వచ్చింది. ఇద్దరు మనుషులు ఎక్కితే 650. గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి 16.7 మీటర్లు. గతిశక్తి, సగం ఎం వి స్క్వేర్ ప్రకారం, సుమారు 90 కిలోజౌళ్ళు. అదే అసలు మారుతి 800, నలుగురు మనుషులూ వాళ్ళ సామానూ ఎక్కితే ఏ 950 కిలోలో వుంటుంది. దాని గతిశక్తి సుమారు 132 కిలోజౌళ్ళు. అంటే దాని స్వంత చిన్న బ్రేకు మా అన్నయ్య కారుకంటే ఒకటిన్నర రెట్లు శక్తిని ఏళ్ళ తరబడి మింగుతూ వచ్చింది! ఇక "పెద్ద బ్రేకైతే చప్పున ఆగుతుంది" అన్న మాట. బ్రేకు ఆపేది చక్రాన్ని. కారుని ఆపేది టైరుకీ నేలకీ మధ్య ఘర్షణ. ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే 60 కిలోమీటర్ల వేగంనుంచి ఆగటానికి 20 మీటర్లు కావాలి. చక్రాన్ని బిగించగల శక్తి చిన్న బ్రేకుకే వున్నప్పుడు, పెద్ద బ్రేకు ఆ 20 మీటర్లని 19 చెయ్యలేదు. పెద్ద డిస్కు వల్ల లాభం ఘాట్ రోడ్డులాంటి చోట, మళ్ళీ మళ్ళీ తొక్కినప్పుడు వేడిని తట్టుకోవటంలో వుంటుంది. మామిడితోటలో ఘాట్ రోడ్డు ఎక్కడిది?

చివరికి పాత డిస్కు, పాత కాలిపర్, పాత చక్రమే తిరిగి ఎక్కాయి. అవి ఒకదానికోసం ఒకటి పుట్టినవి కనక సందులన్నీ సరిపోయాయి. కొత్తవి కొన్న కొట్లోనే కొంచెం నష్టానికి అమ్మేశాడు. మేస్త్రిగారు మీసం దువ్వుకుంటూ "లెక్క ఒప్పుకోకపోతే గ్రైండరేం చేస్తుందిలే" అన్నాడు. సమస్యని పరిష్కరించేముందు అవసరాన్ని కొలవాలి. సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి.

అందరికీ ఇంత సులువుగా తేలకపోవచ్చు. నిజంగానే వేరే బ్రేకు పెట్టవలసినవాళ్ళు వుంటారు. వాళ్ళకోసం, మేం చేసి చూసిన పద్ధతి ఒకటి వ్రాస్తాను. ఖర్చు లేనిది. చెరువులోంచి బంకమట్టి తెచ్చి మెత్తగా పిసికి, కాలిపర్ వీపుమీదా బయటి ముఖంమీదా మూడు నాలుగు చోట్ల వేలెడు మందం ముద్దలు అంటించండి. చక్రం ఎక్కించి నట్లన్నీ బిగించి, చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. విప్పి, ముద్దల్ని బ్లేడుతో కోసి, మిగిలిన మందాన్ని వెర్నియర్‌తో కొలవండి. అదే మీ సందు. మూడు మిల్లీమీటర్లకి తక్కువుంటే ఒప్పుకోవద్దు.

మూడే ఎందుకు అంటే, దానికీ లెక్కుంది. పోత ఇనుము ఒక్కో డిగ్రీకి మీటరు పొడవులో సుమారు 11 మైక్రోమీటర్లు వ్యాకోచిస్తుంది. 240 మి.మీ. డిస్కు 300 డిగ్రీలు వేడెక్కితే వ్యాసంలో 0.8 మి.మీ. పెరుగుతుంది. కాలిపర్ కూడా తనవంతు పెరుగుతుంది. మలుపులో చక్రం కొద్దిగా వంగుతుంది. బేరింగులో కాస్త ఆట వుంటుంది. ఇవన్నీ పోను, చిన్న రాయో బెడ్డో దూరితే ఇరుక్కోకుండా జారిపోవాలి. మా నల్లరేగడి నేలల్లో ఇంకొంచెం ఎక్కువ వదిలినా తప్పులేదు. ఆ మట్టి ఎండిందంటే సిమెంటుతో సమానం. ఇంకొక మెలిక: చక్రం బాలెన్సు చేసేవాళ్ళు రిమ్ము లోపలివైపు సీసపు బిళ్ళలు అంటిస్తారు. ముందురోజు సరిపోయిన సందులోకి మర్నాడు ఆ బిళ్ళ వచ్చి కూర్చుంటుంది. కనక బాలెన్సు అయ్యాక మళ్ళీ ఒకసారి తిప్పి చూసుకోవాలి. స్టీరింగు పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పి, స్ప్రింగులు పూర్తిగా నొక్కుకున్నప్పుడూ సాగినప్పుడూ కూడా చూడాలి. బ్రేకు నూనె గొట్టం ఎక్కడా టైరుకి తగలకూడదు, బిగుసుకోకూడదు. నిలబడి వున్న బండికి సందు చూసి సంతోషించటం, పరీక్ష హాలు బయట పాఠం ఒప్పజెప్పటంలాంటిది.

సందు ఎక్కువుంటే మంచిదేగా అనుకోకండి. హబ్బు దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. ఎద్దుబండి చక్రానికీ ఇరుసుకీ మధ్య బొత్తిగా ఆట లేకపోతే చక్రం పట్టేస్తుంది. ఎక్కువైతే చక్రం తలాడిస్తూ కడశీలని కొరికేస్తుంది. మా తాతలు చెవితో విని చెప్పేవారు, ఏ బండికి కందెన కావాలో, ఏ చక్రం వదులైందో. కారు హబ్బుదీ అదే న్యాయం. పాత తరహా కోను రోలరు బేరింగులున్న హబ్బుల్లో, నట్టుని చక్రం తిప్పుతూ బిగించి, మళ్ళీ కొంచెం వదులు చేసి, మిల్లీమీటరులో పదోవంతుకి లోపల ఆట మిగిల్చి కాటరు పిన్ను వేస్తారు. ఆ ఆట ఎక్కువైతే డిస్కు పక్కలకి ఊగుతుంది. ఊగే డిస్కు రెండు ప్యాడ్లనీ వెనక్కి తోసేస్తుంది. మామూలుగా ప్యాడుకీ డిస్కుకీ మధ్య మిల్లీమీటరులో పదోవంతు ఎడం వుంటే చాలు. తోసెయ్యబడ్డ ప్యాడు ఇంకా దూరంగా వుంటుంది. అప్పుడు బ్రేకు తొక్కితే మొదటి తొక్కుకి పెడలు ఉత్తినే లోపలికి పోతుంది, రెండోసారి తొక్కితేగాని పట్టదు. ఎదురుగా ఏ గేదో అడ్డమొచ్చినప్పుడు రెండోసారి తొక్కే వ్యవధి ఎక్కడిది?

ఒక చోట మూడు మిల్లీమీటర్లు, ఒక చోట పదోవంతు. ఒక చోట తక్కువైతే ముప్పు, ఒక చోట ఎక్కువైతే ముప్పు. ఈ తేడాని చెప్పగలిగేది కన్ను కాదు, కొలత.

ఇక్కడే మన చదువు సంగతి వస్తుంది. మొదటి సంవత్సరం ఫిజిక్సు లాబులో మనందరం వెర్నియర్ కాలిపర్సుతో గుండు వ్యాసం కొలిచాం. స్క్రూగేజితో తీగ మందం కొలిచాం. లీస్టుకౌంటు 0.01 మి.మీ. అని రికార్డులో అందంగా వ్రాసి సంతకం పెట్టించుకున్నాం. ఆ గుండు ఎవరికి కావాలి? ఆ తీగ ఎందుకు కొలిచాం? తరతరాలుగా అదే గుండు, అదే తీగ. సీనియర్ల రికార్డు చూసి వ్రాసినా అదే జవాబు వస్తుంది! కొలత తప్పితే ఏమవుతుందో మనకి ఎప్పుడూ తెలియలేదు, మార్కు పోవటం తప్ప. కారుకి బిగించే కాలిపర్‌నీ, లాబులోని కాలిపర్‌నీ ఒకే పేరుతో పిలుస్తారని కూడా మనలో చాలామందికి తట్టదు. ఒకటి కొలిచేది, రెండోది పట్టి ఆపేది. రెండోదాన్ని బిగించేవాడికి మొదటిది చేతికివ్వటమే విజ్ఞానశాస్త్రం పని అని నేనంటాను.

ఇది ఫిట్టరు పని, ఐ.టి.ఐ. వాళ్ళ పని, బి.యస్సీ. వాళ్ళకెందుకు అని ఒక లెక్చరరుగారు ఒకసారి ఆదరంగానే అన్నారు. వారిమీద గౌరవంతోనే నా మనవి: మా మేస్త్రిగారు హాక్సా బ్లేడుని గేజిగా వాడతాడు. దాని మందం సుమారు 0.6 మి.మీ. వుంటుందని ఆయనకి తెలియదు, కాని ఏ సందులో అది బిగువుగా దూరాలో ఆయన వేళ్ళకి తెలుసు. నలభై ఏళ్ళ అనుభవం అది. మన దగ్గర అంకె వుంది, వేళ్ళు లేవు. ఆయన దగ్గర వేళ్ళున్నాయి, అంకె లేదు. ఈ ఇద్దర్నీ కలవనివ్వకుండా నడుమ గోడ కట్టినవాళ్ళు ఎవరు? చేతికి మసి అంటితే చదువు పలచబడుతుందన్న పాత మర్యాదే కదా!

"చట్టం ఒప్పుకుంటుందా" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేని బండిని రోడ్డెక్కించకూడదు. 52వ సెక్షను ప్రకారం రిజిస్టరైన బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా మార్చకూడదు. ఇంగ్లండులో ఇంట్లో కట్టిన కారుని ఒక్కొక్కదాన్నే విడిగా పరీక్ష చేసి రోడ్డుకి అనుమతించే పద్ధతి వుంది, 2009నుంచి ప్రస్తుత రూపంలో నడుస్తోంది. మనకి అలాంటి సులువైన దారి లేదు. కనక స్వంత బండి స్వంత తోటలో, లేదా పోటీ మైదానంలోనే నడవాలి. ఈ హద్దుని నేను తప్పుపట్టను. బ్రేకు సంగతి తేల్చుకోని కుర్రాళ్ళు రోడ్డెక్కితే నష్టపోయేది వాళ్ళొక్కరే కాదు.

కాని ఒక్కమాట అడగాలనుంది. తోటలో తిరిగే చిన్న కారుని చూసి భయపడే మనం, కళ్ళముందు రోజూ పోయే ట్రాక్టరు ట్రక్కుని చూసి ఎందుకు భయపడం? మిరపకోతల రోజుల్లో మా ఊరినుంచి తెల్లవారుజామున ట్రక్కులమీద ఇరవైమందీ ముప్పైమందీ ఆడకూలీలు నిలబడి వెళతారు. వాటిలో అనేకం పక్క ఊళ్ళ షెడ్లలో వెల్డింగు చేయించుకున్నవే. తొట్టి ఎంత పెద్దదో, ఎన్ని బస్తాలు పడతాయో అడిగి చేయిస్తారు. మా చుట్టుపక్కల నేను చూసినవాటిలో స్వంత బ్రేకు వున్న ట్రక్కు అరుదు. ఆపేభారమంతా ముందున్న ట్రాక్టరుదే. అయిదు టన్నుల ట్రక్కు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో కాలవకట్ట దిగుతుంటే దాని గతిశక్తి సుమారు 77 కిలోజౌళ్ళు. మా అన్నయ్య కారు 60లో పోతున్నప్పటి శక్తికి అదేమంత తక్కువ కాదు. ట్రాక్టరు బ్రేకు తొక్కితే వెనకనుంచి ట్రక్కు దాన్ని తోస్తుంది. కట్ట తడిగా వుండి, ట్రాక్టరు కొంచెం వంకర తిరిగి వుంటే, ట్రక్కు దాన్ని పక్కకి తిప్పేస్తుంది. ఆ తరువాత జరిగేది మర్నాడు పత్రికలో చదువుతాం. డ్రైవరు అజాగ్రత్త అని వ్రాస్తారు. బ్రేకు సంగతి ఎవరూ వ్రాయరు.

అది కూడా స్వంతంగా కట్టిన బండే. అక్కడా అదే వరస తప్పింది. ముందు తొట్టి, తరువాత రంగు, పైన దేవుడి బొమ్మ, బ్రేకు మాత్రం "చూద్దాంలే". ఆ వెల్డింగు షెడ్డు యజమానిని తిట్టి లాభం లేదు. అడగని వస్తువు ఎవరూ చెయ్యరు. అడగవలసినవాళ్ళం రైతులం, అంటే మా నాన్నలూ బాబాయిలూ. వాళ్ళకి చెప్పవలసినవాళ్ళం చదువుకున్న పిల్లలం. అమెరికా వెళ్ళి ఏం కనిపెడతామో తరువాత చూసుకుందాం. ముందు మన ఊరి ట్రక్కుకి బ్రేకు ఎందుకు లేదని మన ఇంట్లో అడుగుదామా?

కాలేజీవారికీ, మన స్టూడెంట్స్ యూనియన్‌కీ నా సూచనలు మూడు. ఫిజిక్సు లాబులో తాళం వేసి వుంచే కొలత సామానుని, సాయంత్రం గంటసేపైనా రిజిస్టరులో సంతకం తీసుకుని విద్యార్థులకి ఇవ్వాలి. కొలత ప్రాక్టికల్సులో గుండు, తీగలతోపాటు ఒక పాత హబ్బు, ఒక డిస్కు, ఒక కాలిపర్ పెట్టాలి. తుక్కు కొట్లో వాటి ఖరీదు మన యూనియన్ వార్షికోత్సవంలో ఒక పూట మైకుసెట్టు అద్దెకన్నా పెద్దది కాదు. మూడోది, ఏడాదికి ఒక్కరోజు ఊరి మెకానిక్కుల్ని పిలిచి, వాళ్ళు నిలబడి చెబుతుంటే మనం కూర్చుని వినాలి. సాయంత్రం మనం లెక్కలు చెబితే వాళ్ళు వింటారు. ఇందులో ఎవరి మర్యాదకీ లోటు లేదు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! వేగంగా పోవాలన్న కోరిక మన వయసుకి సహజం. దాన్ని వద్దనటానికి నేనెవర్ని? ఎంత వేగంగా పోయినా ఫరవాలేదు, ఆగవలసినచోట ఆగగలనని ముందుగా కొలిచి చూసుకున్నవాడికే ఆ వేగం మీద హక్కు. మీలో ఎవరైనా రేపు కారు కడితే, ఇంజను కొనకముందే చక్రం, హబ్బు, డిస్కు, కాలిపర్ నాలుగూ ఒక కాగితంమీద గీసుకోండి. వాటి మధ్య సందులు అంకెలతో వ్రాసుకోండి. కారు కట్టనివాళ్ళు సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు, కొట్టంలో నిలబెట్టిన ట్రక్కు కిందికి ఒకసారి వంగి చూడండి. అక్కడ బ్రేకు కనపడకపోతే, ఆ రాత్రి అన్నం దగ్గర మీ నాన్నగారితో ఆ మాట ఎత్తండి.